మూడు లెక్కపెట్టేదాకా

పడవకి ఆ కొసన ఆయన.
ఈ కొసన నేను, కుడి భుజం మీద కెమెరా.
పంతొమ్మిదేళ్ళు ఇలాగే కూచున్నాం
టెనెసీ నీళ్ళ మీద, తెల్లారకముందే,
పెట్రోలు బంకులో కొన్న సాసేజి బన్నులు
రబ్బరు ఎరల సోంపు వాసన వదలని చేతుల్తోనే తింటూ.

ఆర్లిస్ టకెట్ ఎవరో శనివారం పొద్దున ఆరింటికి
లారీ డ్రైవర్లకి తెలుసు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులకి తెలుసు,
ఆస్పత్రి వరండాల్లో ఎవరూ చూడని టీవీలకి తెలుసు.
చొక్కా నిండా కంపెనీల పేర్లు,
మోటారుది, దారానిది, కళ్ళజోడుది, నమిలే పొగాకుది.
"నావి అని చెప్పుకోడానికి
బొత్తాలే మిగిలాయిరా రోస్కో" అనేవాడు.

నోరు ఆగేది కాదు.
చేప పడకపోతే మరీను.
ఇరవై రెండు నిమిషాల కార్యక్రమానికి
మూడు రోజుల ఖాళీ నీళ్ళు.
ఆ ఖాళీనంతా కత్తిరించి పారేసేవాళ్ళం.
ఆయన గాలం వేస్తే చాలు
సరస్సే చేతులు చాపి ఇస్తుందనుకునేవాళ్ళు జనం.

పడినప్పుడు మాత్రం ఒక పద్ధతి.
కింది పెదవిని బొటనవేలితో పట్టి
చేపని పైకెత్తి, నా కుడి భుజం వైపు తిప్పి,
మూడు లెక్కపెట్టేదాకా కదిలేవాడు కాదు.
తర్వాతే నవ్వు. ఆ తర్వాతే మాట.
వెలుతురు సరిగా పడలేదంటే
తొట్టిలోంచి తీసి మళ్ళీ పట్టినట్టు, మళ్ళీ వదిలినట్టు.
రెండేసి సార్లు విడుదలైన చేపలు
ఆ సరస్సులో చాలానే ఉన్నాయి.
"మొదటిసారి ఏమనుకుని ఉంటుందంటావ్?" అని అడిగాడొకసారి.
నేను బ్యాటరీ మారుస్తున్నాను. జవాబు చెప్పలేదు.

పోటీల సంగతి ఆయన ఎత్తడు, నేను చెప్తాను.
అలబామాలో, ముప్పై ఎనిమిదో ఏట,
దేశం మొత్తానికి మొదటివాడు కావలసింది,
తూకానికి ముందు తొట్టిలో ఒక చేప చచ్చింది.
చచ్చిన చేపకి జరిమానా నాలుగు ఔన్సులు.
ఓడింది రెండు ఔన్సులతో.
దాన్ని ఇంటికి తెచ్చాడు.
వండనూ లేదు, పారెయ్యనూ లేదు.
ఫ్రీజరులో బఠాణీల కింద పదకొండేళ్ళుంది.
ఓలెట్టా దాని చుట్టూనే ఐస్‌క్రీము సర్దుకునేది.

ఇంకొకటి. టీవీలో "కింద స్ట్రక్చర్ ఉంది" అనేవాడే,
అది వాళ్ళ తాత పొగాకు కొట్టం.
ఆనకట్ట లేచినప్పుడు ఊరు ఊరంతా మునిగింది.
సమాధుల్ని తవ్వి భద్రంగా గుట్ట మీదికి మార్చారు,
బతికున్నవాళ్ళ చేతిలో చెక్కు పెట్టి పొమ్మన్నారు.
ఆ వాసాల మధ్యే పెద్ద చేపల కాపురం.
కెమెరా ఆపాక గొంతు తగ్గించి,
"తాత ఇంకా నాకు తిండి పెడుతున్నాడు" అనేవాడు.

పోయిన మార్చిలో తలలో నరం చిట్లింది.
చెయ్యి కొంత వెనక్కొచ్చింది. మాట రాలేదు.
ఓలెట్టా పేరు రాలేదు, నా పేరు రాలేదు.
ఛానెల్ వాళ్ళు పువ్వులు పంపారు,
ఇప్పుడు ఆరింటికి వంటపాత్రలు అమ్ముతున్నారు.

నిన్న పడవ దింపాను.
కెమెరా తేలేదు. మోటారు ఆపేశాను.
ఆయన మాట్లాడకపోతే ఆ నీళ్ళు ఎంత చప్పుడు చేస్తాయో
ఇన్నేళ్ళూ వినలేదు నేను.
చేతికి మాత్రం అన్నీ గుర్తున్నాయి, మణికట్టు విసురు,
రీలు మీద బొటనవేలు ఎప్పుడు నొక్కాలో,
ఎర నీటిని ఎంత మెల్లగా తాకాలో.
గంటన్నర. ఏమీ లేదు.
ఎవరూ కత్తిరించని గంటన్నర.

అప్పుడు వంగింది కర్ర.
పెద్దదేం కాదు, రెండు పౌన్లుంటుంది.
వణికే వేలితో పెదవి పట్టి
పైకెత్తి, నా కుడి భుజం వైపు తిప్పాడు.
ఖాళీ భుజం.
నేను నిటారుగా సర్దుకున్నాను,
ఊపిరి బిగబట్టి, పొలుసుల మీద వెలుతురు చూసుకుని,
ఒకటి,
రెండు,

మూడు దాకా ఆగలేదు ఆయన.
వంగి నీళ్ళలోకి చూశాడు.
"కొట్టం," అన్నాడు.
అని, ఆ చేపని
ఒక్కసారే వదిలాడు.